రాసిన చేయి ఎవరిది? చరిత్రకెక్కిన నాయకుల ఉత్తరాల సేకరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

సేనాధిపతుల, పాలకుల ఉత్తరాలు సేకరిస్తానని తెలిసినప్పటి నుంచి నన్ను అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. మనుషులు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే అన్నిటికీ ఒకేచోట జవాబులు రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడ మొదలుపెట్టండి.

## మొదలుపెట్టే ముందు

నెపోలియన్, లింకన్ అంటే మనవల్ల అయ్యే పనేనా? ఎవరితో మొదలుపెట్టాలి?

ఎవరు గొప్ప అని కాదు, ఎవరు ఎక్కువ రాశారు అని చూసి మొదలుపెట్టండి. వాటర్లూ గెలిచిన వెల్లింగ్టన్ డ్యూక్ 1852లో కన్నుమూసేదాకా ఉత్తరాలకు జవాబులు రాస్తూనే ఉన్నాడు. "ఫీల్డ్ మార్షల్ వెల్లింగ్టన్ డ్యూక్ తన నమస్కారాలు తెలియజేస్తున్నాడు" అంటూ, తన గురించి తానే వేరే మనిషిలా రాసుకున్న చిన్న చీటీలు ఇప్పటికీ తరచుగా అమ్మకానికి వస్తుంటాయి. వాటికి కింద సంతకం ఉండదు, పేరు మొదటి వాక్యంలోనే ఉంటుంది. ఆ సంగతి తెలియక "సంతకం లేదుగా" అని వదిలేసేవాళ్లూ ఉన్నారు.

ఇంకో దారి కూడా ఉంది. పెద్ద పేరును పక్కన పెట్టి ఆయన కింద పనిచేసినవాళ్లను చూడండి. చక్రవర్తి సంతకం పెట్టిన నియామక పత్రం కంటే, వెనక్కి తగ్గుతున్న సైన్యంలో గుర్రాలకు మేత లేదని మొత్తుకునే దళపతి ఉత్తరం నాకు ఎప్పుడూ ఎక్కువే.

కేటలాగులో ఏ.ఎల్.ఎస్., ఎల్.ఎస్. అని రాస్తారు. అవేమిటి?

ఏ.ఎల్.ఎస్. అంటే మొత్తం ఉత్తరం తన చేత్తోనే రాసి సంతకం చేసినది. ఎల్.ఎస్. అంటే గుమాస్తా రాయగా నాయకుడు సంతకం మాత్రమే పెట్టినది. టి.ఎల్.ఎస్. అంటే టైపు చేసిన ఉత్తరం మీద సంతకం. డి.ఎస్. అంటే సంతకం ఉన్న పత్రం, అంటే నియామకం, ఉత్తర్వు, భూమి పట్టా లాంటివి. ఆ ఒక్క 'ఏ' అక్షరం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. కాబట్టి వర్ణన కంటే ముందు ఈ పొడి అక్షరాలు చూడండి.

సంతకం ముక్క ఒక్కటే కత్తిరించి అమ్ముతున్నారు. చవగ్గా ఉంది, కొనొచ్చా?

19వ శతాబ్దంలో ఆల్బమ్‌లో అతికించుకోవడానికి ఉత్తరాల చివర కత్తిరించేసేవాళ్లు. మంచి ఉత్తరాలు ఎన్నో అలా పాడైపోయాయి. ముక్క మీద తేదీ ఉండదు, ఎవరికి రాశారో ఉండదు, పోల్చి చూసుకోవడానికి నాలుగు వాక్యాలైనా ఉండవు. నకిలీగాళ్లకు అన్నిటికంటే సులువైన సరుకు ఇదే. నేనైతే కొనను.

ఇది మంచి పెట్టుబడి అంటున్నారు. నిజమేనా?

ఒక ఉదాహరణ చెబుతాను. 1812 అక్టోబర్ 20న, మాస్కో నుంచి వెనక్కి మళ్లుతూ, క్రెమ్లిన్‌ను పేల్చేస్తున్నానని నెపోలియన్ రహస్య లిపిలో రాయించిన ఉత్తరం 2012లో జరిగిన వేలంలో 1,87,500 యూరోలు పలికింది. దాన్ని కొన్నది పారిస్‌లోని ఒక ప్రైవేటు మ్యూజియం. ఆ మ్యూజియాన్ని నడిపిన కంపెనీయే ఉత్తరాల్లోనూ రాతప్రతుల్లోనూ వాటాలు చేసి వేలమందికి అమ్మింది. 2015లో అది కుప్పకూలింది. ఆ సరుకంతా తర్వాత ఏళ్ల తరబడి వేలాల్లో కరిగించాల్సి వచ్చింది, వాటాదారులు చాలామంది పెట్టినదాంట్లో కొంతే వెనక్కి తెచ్చుకున్నారు. ఉత్తరాన్ని మీ చేతుల్లో పెట్టకుండా "వాటా" ఇస్తామనేవాళ్లకు దణ్ణం పెట్టి పక్కకు తప్పుకోండి.

## కొనేటప్పుడు

సంతకం ఆయనదేనట, కానీ ఉత్తరంలో రాత వేరుగా ఉంది. మోసపోయానా?

తొందరపడకండి. నాయకుల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. సైన్యాన్ని నడిపే మనిషికి కూర్చుని రాసే తీరిక ఎక్కడుంటుంది? రాజుల దగ్గర రాయసకాళ్లు ఉన్నట్టే ప్రతి సేనాధిపతి దగ్గరా రాసేవాళ్లు ఉండేవారు. యుద్ధకాలంలో జార్జ్ వాషింగ్టన్ ఉత్తరాలు చాలావరకు ఆయన సహాయకుల చేతిరాతలో ఉంటాయి. తర్వాత అమెరికా తొలి ఆర్థిక మంత్రి అయిన అలెగ్జాండర్ హామిల్టన్ వాళ్లలో ఒకడు. అలాంటప్పుడు ఒకే కాగితం మీద ఇద్దరు చరిత్ర పురుషులు దొరుకుతారు. నెపోలియన్ గదిలో పచార్లు చేస్తూ చెప్పుకుపోయేవాడు, కార్యదర్శులు అందుకుని రాసుకునేవాళ్లు. పూర్తిగా ఆయన చేత్తో రాసిన ఉత్తరం అరుదు, ఒకవేళ దొరికినా చదవడం గగనం.

చూడాల్సింది ఒక్కటే: గుమాస్తా రాసిన ఉత్తరాన్ని స్వదస్తూరి అని చెప్పి మీకు అమ్మారా? అలా అమ్మితేనే అది మోసం.

సంతకం కూడా వేరేవాళ్లు పెట్టే అవకాశం ఉందా?

ఉంది, అదీ చట్టబద్ధంగానే. అమెరికాలో భూమి పట్టాల మీద అధ్యక్షుడే సంతకం చేయాలన్న నియమం 1833 దాకా నడిచింది. పట్టాలు కుప్పలుగా పేరుకుపోవడంతో, ఆ ఏడాది నుంచి అధ్యక్షుడి పేరును కార్యదర్శే రాసి, కింద తన పేరు కూడా రాయడానికి చట్టం ఒప్పుకుంది. కాబట్టి 1850 నాటి పట్టా మీద అధ్యక్షుడి పేరు ఎంత అందంగా ఉన్నా అది ఆయన చేతిది కాదు. పత్రం మాత్రం అసలుదే. ఇలాంటివి "తాతల నాటి అధ్యక్ష సంతకం" అంటూ అమాయకంగా అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఒకే మనిషి రాసిన రెండు ఉత్తరాలకు ధరలో అంత తేడా ఎందుకు?

లోపల ఉన్న విషయం వల్ల. "మీ పుస్తకం అందింది, కృతజ్ఞతలు" అన్న ఉత్తరానికీ, ఓడిన మర్నాడు భార్యకు రాసిన ఉత్తరానికీ సంతకం ఒకటే కావచ్చు, సరుకు ఒకటి కాదు. తర్వాత తేదీ చూడాలి. యుద్ధం నడుస్తుండగా రాసినదానికి గిరాకీ ఎక్కువ. ఆ తర్వాత ఎవరికి రాశారన్నది. కాగితం ఎంత బాగుందన్నది చివరికి వస్తుంది.

ఒక్కోసారి శరీరంలో వచ్చిన మార్పు కూడా ధర మారుస్తుంది. 1797 జూలైలో టెనెరిఫ్ దీవి మీద దాడిలో బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ కుడిచేయి పోగొట్టుకున్నాడు. కొద్ది రోజులకే ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టాడు. దానికి ముందు కుడివైపు వాలిన కుదురైన రాత, తర్వాత అక్షరాలు పెద్దవై నిటారుగా నిలబడ్డ రాత. కొత్తవాళ్లు రెండూ పక్కపక్కన చూసి ఒకటి నకిలీ అనుకుంటారు.

చేతులు మారిన చరిత్ర అంటే ఏమిటి? అంత అవసరమా?

ఉత్తరం రాసిన రోజు నుంచి మీ దగ్గరికి వచ్చేదాకా ఎవరెవరి దగ్గర ఉందన్న వరస. అందుకున్న మనిషి కుటుంబం, పాత వేలం కేటలాగు, వ్యాపారి రశీదు, సేకర్త పెన్సిలుతో రాసుకున్న గుర్తు, ఇవన్నీ అందులో భాగమే. రెండు వందల ఏళ్లకు పూర్తి గొలుసు దొరకదు, దొరకాలని పట్టుబట్టకండి. కానీ అమ్మేవాడు తను ఎక్కడ కొన్నాడో కూడా చెప్పనంటే మాత్రం అక్కడితో ఆగిపోండి. "ఒక పాత కుటుంబం నుంచి వచ్చింది" అన్నది సమాధానం కాదు. అన్ని కుటుంబాలూ పాతవే.

సర్టిఫికెట్ ఇస్తున్నారు. అది చాలదా?

సర్టిఫికెట్ కూడా కాగితమే. ఎవరు ఇచ్చారు, ఆ నాయకుడి రాత మీద వాళ్లకున్న అనుభవమెంత, నకిలీ అని తేలితే డబ్బు వెనక్కి ఇస్తారా, ఎన్నాళ్లలోపు ఇస్తారు, ఇవి రాతపూర్వకంగా ఉండాలి. హామీ లేని సర్టిఫికెట్ కంటే, షరతులు స్పష్టంగా రాసిన మామూలు బిల్లే మేలు.

ఫొటో చూసి కొనాలంటే ఏమేం అడగాలి?

ముందువైపు ఫొటో అందరూ పంపుతారు. మీరు వెనకవైపు అడగండి. వెలుతురుకు ఎదురుగా పట్టి తీసిన ఫొటో ఒకటి, పక్కనుంచి దీపం పెట్టి తీసినది ఒకటి అడగండి. మొదటిదాంట్లో వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే పడే గుర్తు), రెండోదాంట్లో మడతలూ కలం నొక్కులూ తెలుస్తాయి. కొలతలు కూడా అడగండి. విసుక్కునేవాడి దగ్గర కొనకండి.

## అసలా, నకిలీయా

చేతిరాతలాగే ఉంది కదా, దీన్ని అచ్చు అంటారేమిటి?

ఈ దెబ్బ నేనూ తిన్నాను. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో చర్చిల్ రాసిన కృతజ్ఞతల ఉత్తరం అంటే ఎగిరి గంతేసి కొన్నాను. శుభాకాంక్షలు వెల్లువలా వచ్చి పడినప్పుడు చర్చిల్ తన చేత్తో ఒక్క ఉత్తరం రాసి, దాన్ని అచ్చు వేయించి అందరికీ పంపేవాడని అప్పటికి నాకు తెలియదు. అమ్మినాయనకీ తెలియదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇంటికొచ్చాక పదిరెట్ల భూతద్దం పెట్టి చూశాను. కలంతో రాస్తే ఒక గీత మీదుగా ఇంకో గీత వెళ్లిన చోట సిరా చిక్కబడుతుంది, గీత ఆగిన చోట చిన్న చుక్కలా నిలుస్తుంది. నా ఉత్తరంలో మొదటినుంచి చివరిదాకా ఒకటే రంగు, ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. వెనకవైపు వేలితో తడిమితే కలం నొక్కు తగల్లేదు. కొన్నాళ్లకు మరో సేకర్త దగ్గర అదే ఉత్తరం, అదే వంకర, అదే చోట అదే గీత చూశాక ఇక అనుమానమే మిగల్లేదు. ఇప్పటికీ దాచుకున్నాను, కొత్తవాళ్లకు చూపించడానికి.

యుద్ధంలో కొడుకులను పోగొట్టుకున్న తల్లికి 1864 నవంబర్‌లో లింకన్ పంపిన బిక్స్‌బీ ఉత్తరం సంగతీ అంతే. అసలు కాగితం ఇంతవరకు బయటపడలేదు. అచ్చు నకళ్లు మాత్రం లెక్కలేనన్ని. అటకమీద అసలుది దొరికిందని ఎవరైనా అంటే, నూటికి నూరుపాళ్లు ఆ నకలే.

పుస్తకంలో చూసిన సంతకంతో సరిపోలడం లేదు. నకిలీయేనా?

ఏ ఏడాది సంతకంతో పోల్చారు? నెపోలియన్ 1796 దాకా ఇటాలియన్ పద్ధతిలో 'బువొనపార్తె' అని రాసేవాడు. ఇటలీ దండయాత్రతో అది 'బొనపార్ట్' అయింది. 1804లో చక్రవర్తి అయ్యాక 'నెపోలియన్', పోనుపోను 'నాప్', చివరికి ఒట్టి 'ఎన్' మిగిలింది. లింకన్ ఉత్తరాల్లో 'ఎ. లింకన్' అని, అధికారిక పత్రాల మీద పూర్తి పేరు రాసేవాడు. సొంత ఉత్తరం కింద 'అబ్రహాం లింకన్' అని నిండుగా ఉంటే నేను రెండోసారి చూస్తాను. గాంధీ కుడిచేయి అలిసిపోతే ఎడమచేత్తో రాసేవారు, రెండు రాతలూ ఆయనవే. కాబట్టి అదే కాలం, అదే రకం కాగితం, అదే చేయి చూసి పోల్చండి.

సంతకం అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఇక అసలుదేగా?

అలా సరిపోతేనే భయపడాలి. ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం చేయలేడు. ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిందంటే అది యంత్రం పని, లేదా కింద పెట్టి దిద్దినది. కెనడీ కాలానికి ఆటోపెన్ అనే సంతకాల యంత్రం జోరుగా నడిచింది. అంతకు చాలాముందే మరో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ రెండు కలాలున్న యంత్రం వాడాడు: ఒక కలంతో రాస్తుంటే పక్క కాగితం మీద రెండోది అదే రాసేది. ఆ నకలును ఆయన చేతిరాత అనాలా వద్దా అన్నది తీరిగ్గా ఉన్నప్పుడు వాదించుకోదగ్గ విషయం.

కాగితం, సిరా చూసి కనిపెట్టగలమా?

"అసలుదే" అని తేల్చలేం గానీ "కాదు" అని చాలాసార్లు తేల్చగలం. బ్రిటన్‌లో 1794 చట్టం తర్వాత, ఎగుమతి మీద సుంకం వాపసు కావాలంటే కాగితంలో తయారైన సంవత్సరం ఉండాల్సి వచ్చింది. అందుకే ఆ కాలపు కాగితాన్ని వెలుతురుకు పడితే మిల్లు పేరుతోపాటు ఏడాదీ కనిపిస్తుంది. 1805 తేదీతో రాసిన ఉత్తరంలో 1808 వాటర్‌మార్క్ ఉంటే ఇక మాట్లాడుకోనక్కర్లేదు. 19వ శతాబ్దం సగం దాకా గుడ్డపీలికలతో చేసిన కాగితమే ఎక్కువ, చెక్కగుజ్జు కాగితం ఆ తర్వాతిది. అతినీలలోహిత దీపం కింద కాగితం నీలంగా మెరిసిపోతే, అందులో కలిపిన తెల్లదనపు రసాయనం 20వ శతాబ్దం నడిమిది.

నకిలీగాళ్లకు ఈ సంగతి తెలుసు, అందుకే పాత పుస్తకాల ఖాళీ పేజీలు చింపుకుంటారు. 19వ శతాబ్దంలో వాషింగ్టన్ ఉత్తరాలు పుట్టించిన రాబర్ట్ స్ప్రింగ్ చేసిందదే. అయితే పాత కాగితానికి పైనున్న జిగురు పోయి ఉంటుంది. దాని మీద కొత్తగా రాస్తే సిరా దూదిలో పడ్డట్టు అంచులకు పాకుతుంది. ఇంకొకటి, నాకు బాగా అక్కరకొచ్చినది: మడత దగ్గర చూడండి. రాసింది ముందు, మడిచింది తర్వాత అయితే మడత పగులు సిరాను చీలుస్తుంది. సిరాయే పగులులోకి దిగి ఉంటే, కాగితం పాతబడ్డాక ఎవరో రాశారన్నమాట.

నిపుణులు ముగ్గురూ అసలుదే అన్నారు. ఇంకా అనుమానమెందుకు?

1983లో జర్మనీలో హిట్లర్ డైరీలంటూ దాదాపు 60 సంపుటాలు బయటికొచ్చాయి. చేతిరాత నిపుణులు పోల్చి చూసి సరిపోయాయన్నారు. సరిపోకేం? పోల్చడానికి ఇచ్చిన నమూనాల్లో కొన్ని కూడా ఆ డైరీలు పుట్టించిన కొన్‌రాడ్ కుయావ్ రాసినవే. చివరికి ప్రభుత్వ ప్రయోగశాల కాగితం పరీక్షించి, యుద్ధం తర్వాతి రసాయనం ఉందని పట్టేసింది. నిపుణుడు ఏమన్నాడో కాదు, దేనితో పోల్చాడో అడగండి.

చదువుకున్నవాళ్లు మోసపోరనీ అనుకోకండి. మిషెల్ షాల్ ఫ్రాన్స్‌లో పేరుమోసిన గణితవేత్త. వ్రాన్ లూకా అనేవాడు ఆయనకు వేల ఉత్తరాలు అంటగట్టాడు. అందులో క్లియోపాత్రా సీజర్‌కు రాసినదీ ఉంది, అదీ ఫ్రెంచి భాషలో! 1870లో లూకా జైలుకెళ్లాడు.

## చదవడం, అర్థం చేసుకోవడం

ఒక్క ముక్క కూడా చదవలేకపోతున్నాను. ఏం చేయాలి?

తెలిసిన మాటలతో మొదలుపెట్టండి: తేదీ, ఊరు, సంబోధన, చివరి మర్యాద వాక్యం. అక్కడ అక్షరాల ఆకారం పట్టుకుని లోపలికి వెళ్లండి. 18వ శతాబ్దపు ఇంగ్లీషులో పొడుగు 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా ఉంటుంది. అప్పటికీ రాకపోతే అచ్చైన సంపుటాలు వెతకండి. నెపోలియన్ ఉత్తరాలు 40 వేలకు పైగా 15 సంపుటాల్లో వచ్చాయి, గాంధీ రచనలు 100 సంపుటాలు. మీ ఉత్తరం అందులో ఉంటే చదివే బాధ తప్పుతుంది. అసలు కాగితం ఫలానా ఆర్కైవ్స్‌లో ఉందని అక్కడే రాసి ఉంటే మాత్రం వేరే బాధ మొదలవుతుంది.

తేదీ లెక్క కుదరడం లేదు. ఆ రోజు ఆయన అక్కడ లేడు కదా?

ఏ కేలండర్ అన్నది చూశారా? విప్లవ ఫ్రాన్స్ 1793 నుంచి 1805 చివరి దాకా తనదైన నెలలు, ఏళ్లు వాడింది. బ్రిటన్, దాని వలసలు 1752లో కేలండర్ మార్చుకున్నాయి, అంతకుముందు ఇంగ్లండులో, ఆ వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. రష్యా 1918 దాకా పాత లెక్కలోనే ఉంది. రోజుల తేడా కేలండర్‌తో తేలకపోతే అప్పుడు అనుమానించండి.

సంతకమే లేదు, ముద్ర మాత్రం ఉంది. విలువ ఉంటుందా?

సంతకం చేయడం అన్ని చోట్లా ఉన్న అలవాటు కాదు. మొఘల్ ఫర్మానాలకు ముద్ర, తుగ్రా (పాలకుడి పేరును అలంకారంగా అల్లి రాసిన గుర్తు) ఉంటాయి, కొన్నిటికి అరచేతి గుర్తు ఉంటుంది. శివాజీ ఉత్తరాలు అప్పట్లో మరాఠీ రాయడానికి వాడిన మోడీ అనే లిపిలో రాయసకాళ్లు రాసినవి, పైన రాజముద్ర, చివర ఉత్తరం ఇక్కడితో ముగిసిందని చెప్పే చిన్న ముద్ర ఉంటాయి. అక్కడ సంతకం కోసం వెతికితే దొరికేది నకిలీయే.

అంచున రంధ్రం ఉంది. పాడైనట్టేనా?

1840కి ముందు కవర్ల వాడకం తక్కువ. కాగితాన్నే మడిచి, లక్క వేసి, బయట చిరునామా రాసేవాళ్లు. అందుకున్నవాళ్లు తెరిచేటప్పుడు లక్క అంటిన చోట కాగితం చిరిగేది. ఆ రంధ్రం ఉంటే ఉత్తరం నిజంగా ప్రయాణం చేసిందన్నమాట. నాకు చాలా ఇష్టమైన చిరుగు అది.

## భద్రపరచడం

తెల్ల గ్లోవ్స్ వేసుకునే పట్టుకోవాలా?

అక్కర్లేదు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి పట్టుకోండి. నూలు గ్లోవ్స్‌తో వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి.

లామినేషన్ చేయిస్తే శాశ్వతంగా ఉంటుంది కదా?

వద్దు. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను మళ్లీ తీయడం దాదాపు అసాధ్యం. ఒకప్పుడు పెద్ద ఆర్కైవ్స్ కూడా ఈ పని చేసి తర్వాత పశ్చాత్తాపపడ్డాయి. సెలోటేప్, గుండుసూది, స్టేప్లర్ కూడా అంతే. ఆమ్లం లేని ఫోల్డర్‌లో గానీ, మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవరులో (అతికించకుండా) గానీ బల్లపరుపుగా ఉంచండి. పాత సిరా ఇనుపలవణంతో, మాచికాయతో చేసినది. కాలం గడిచేకొద్దీ నల్లరంగు గోధుమరంగుకు తిరిగి, కొన్నిచోట్ల కాగితాన్నే తినేస్తుంది. అక్షరాల చోట చిల్లులు మొదలైతే సొంత వైద్యం చేయకండి, కాగితాల సంరక్షణ తెలిసినవాళ్లకు చూపించండి.

ఫ్రేము కట్టి గోడకు పెట్టుకోవాలని ఉంది. తప్పా?

మంచి నకలు తీయించి దాన్ని పెట్టండి. వెలుతురు చేసిన నష్టం వెనక్కి రాదు. నాకూ అసలుదే కళ్లెదురుగా ఉండాలని ఉంటుంది, అందుకే అప్పుడప్పుడు పెట్టె తీసి చూసుకుంటాను.

## చట్టం, అమ్మకం, ఆ తర్వాత

నేను కొన్నది దొంగసొత్తని తేలితే?

డబ్బిచ్చి కొన్నానంటే సరిపోదు, చాలాచోట్ల తిరిగి ఇచ్చేయాల్సిందే. 1865లో ఒక సైనికుడు ఎత్తుకుపోయిన, ఉత్తర కరోలినా రాష్ట్రానికి చెందిన అమెరికా హక్కుల పత్రం ప్రతిని 138 ఏళ్ల తర్వాత, 2003లో పట్టుకున్నారు. 2011లో బాల్టిమోర్‌లోని ఒక చరిత్ర సంస్థలో ఇద్దరు దొరికిపోయారు. కోటు లోపల కుట్టించుకున్న పెద్ద జేబుల్లో కాగితాలు దాచేవాళ్లు, సిబ్బందికి కేకులు కూడా పంచిపెట్టేవాళ్లు. కాబట్టి కాగితం మూలల్లో చెరిపేసిన పెన్సిలు అంకెలు, స్టాంపు గీకేసిన మరకలు కనిపిస్తే ముందు అడిగి తెలుసుకోండి. ప్రభుత్వ పని మీద రాసిన ఉత్తరమైతే, అది ప్రభుత్వ దస్త్రం అవునా కాదా అన్నది ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఉత్తరం నాదే కదా, పుస్తకంలో అచ్చు వేసుకోవచ్చా?

కాగితం మీది, మాటలు మీవి కావు. ఇంగ్లండులో కవి పోప్‌కూ ప్రచురణకర్త కర్ల్‌కూ మధ్య నడిచిన వ్యాజ్యంలో 1741లోనే ఇది తేలింది: అందుకున్నవాడికి కాగితం మీద హక్కు, రాసినవాడికి మాటల మీద హక్కు. రాసినవాళ్లు పోయి ఎన్నేళ్లయిందో, మీ దేశంలో కాపీరైట్ ఎన్నేళ్లో చూసుకోండి.

వేరే దేశానికి పంపవచ్చా?

పంపే ముందే తెలుసుకోండి. భారతదేశంలో 1972 చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన చారిత్రక పత్రాలను ప్రైవేటు వ్యక్తులు బయటికి పంపకూడదు. బ్రిటన్‌లో 50 ఏళ్లు దాటిన రాతప్రతులకు లైసెన్సు కావాలి. వేలంలో గెలిచాక తెలిస్తే డబ్బు ఒక దేశంలో, ఉత్తరం ఇంకో దేశంలో ఉండిపోతాయి.

మా పిల్లలకు వీటి మీద ఆసక్తి లేదు. నా తర్వాత ఏమవుతాయి?

ప్రతి ఉత్తరానికీ ఒక చీటీ రాసి అదే ఫోల్డర్‌లో పెట్టండి: ఎవరు రాశారు, ఎవరికి, ఏముంది, ఎక్కడ కొన్నారు, బిల్లు ఎక్కడుంది, స్వదస్తూరా లేక సంతకం మాత్రమేనా. చీటీ మీద పెన్సిలే వాడండి, సిరా వద్దు. అమ్మాలనుకుంటే ఏ వేలం సంస్థను అడగాలో, ఇచ్చేయాలనుకుంటే ఏ ఆర్కైవ్స్ తీసుకుంటుందో అందులోనే రాయండి. మొత్తం సేకరణ ఒకే కుటుంబానికి చెందిన ఉత్తరాలైతే విడగొట్టవద్దని కూడా. నా చర్చిల్ నకలు ఫోల్డర్‌లో ఉన్న చీటీ మీద "అచ్చు. అసలుదని అమ్మకండి" అని రాసి ఉంది.